కేక్ లేస్ ఎందుకు ఒక రోజు అతుక్కుంటుంది, ఇంకో రోజు విరుగుతుంది

తినే లేస్, అంటే కేక్ లేస్, కేక్‌ను అలంకరించడానికి చేసే జాలీ లాంటి పలచటి పంచదార పొర. దాన్ని చేసేవాళ్లు ఎక్కువగా అడిగే ప్రశ్న "ఎంతసేపు ఆరబెట్టాలి?" అని. ఓవెన్‌లో పది నిమిషాలు చాలని ఒకరంటారు. రాత్రంతా బయట వదిలేయాలని ఇంకొకరంటారు. ఇద్దరూ తమకు కుదిరిన పద్ధతే చెబుతున్నారు కాబట్టి ఎవరినీ తప్పుపట్టలేం. అయితే అదే మిశ్రమం, దాన్ని పూసే అదే గాడుల మ్యాట్, అదే ఓవెన్ వాడినా ఒక రోజు లేస్ చక్కగా వంగుతూ ఊడి వస్తుంది, ఇంకో రోజు మ్యాట్ గాడుల్లో పట్టుకుని చిరిగిపోతుంది, మరో రోజు వేలు తగలగానే పుటుక్కున విరుగుతుంది. కారణం తెలియకపోతే జనం రెసిపీలు మారుస్తూ పోతారు. చాలాసార్లు రెసిపీలో ఏ లోపమూ ఉండదు. లేస్‌లో ఎంత నీరు మిగిలింది, చుట్టూ ఉన్న గాలిలో ఎంత తేమ ఉంది అన్న రెండు విషయాలే దాని గుణాన్ని తేలుస్తాయి. ఆ రెండూ గడియారం చూస్తే తెలిసేవి కావు.

కేక్ మీద లేస్ నగిషీ కొత్తదేం కాదు. రాయల్ ఐసింగ్‌ను సన్నని నాజిల్‌తో గీసి, ఆరాక ఒక్కో ముక్కనూ తీసి కేక్‌కు అతికించే పని ఎప్పటి నుంచో ఉంది. రాయల్ ఐసింగ్ అంటే గుడ్డు తెల్లసొన, ఐసింగ్ షుగర్. ఆరేకొద్దీ అందులోని పంచదార సన్నటి స్ఫటికాలుగా బిగుసుకుంటుంది. చూడ్డానికి ఎంత సున్నితంగా ఉన్నా అది వంగదు. గుండ్రటి కేక్ చుట్టూ చుట్టాలంటే ముక్కలు ముక్కలుగానే అతికించాలి. ఇప్పుడు మనం కేక్ లేస్ అంటున్నది వేరే తరహా పదార్థం. షుగర్‌వీల్, క్లేర్ బౌమన్ కేక్ లేస్ వంటి మిశ్రమాల పేర్లు ఈ పని చేసేవాళ్లకు బాగా తెలుసు. పౌడర్‌లో నీళ్లు కలిపి, గాడులున్న సిలికాన్ మ్యాట్ మీద పూసి, ఆరాక ఊడదీస్తే వంగే, మడిచే, కత్తెరతో కత్తిరించే పొర వస్తుంది. ఇందులో పంచదార స్ఫటికంగా మారకుండా ఆపడమే అసలు పని.

ఆ ఆపే పని ఎవరు చేస్తారో చూస్తే రెసిపీ అర్థమైపోతుంది. పంచదార ఒక్కటే నీళ్లలో కరిగి ఆరితే మళ్లీ స్ఫటికమే అవుతుంది. దానికి గ్లూకోజ్ సిరప్పో, స్టార్చ్ నుంచి చేసే మాల్టోడెక్స్ట్రిన్ పొడో తోడైతే వేర్వేరు ఆకారాల అణువులు అడ్డుపడి స్ఫటికం కట్టనివ్వవు. తర్వాత పొరకు బలం ఇచ్చే పొడవాటి గొలుసు అణువులు కావాలి. సీఎంసీ, అంటే మొక్కల పీచు నుంచి చేసే కార్బాక్సీమిథైల్ సెల్యులోజ్ ఆ పని చేస్తుంది. బేకింగ్ చేసేవాళ్లకు ఇది టైలోజ్ పౌడర్‌గా తెలుసు, ఆహార లేబుళ్ల మీద ఈ466 అని కనిపిస్తుంది. మాడిఫైడ్ స్టార్చ్, జెలటిన్, గుడ్డు తెల్లసొన పౌడర్ కూడా ఇదే కోవలోవి. చివరగా పొరను వంగేలా ఉంచే గ్లిజరిన్. ఇది నీటిని పట్టి ఉంచుతుంది, గొలుసుల మధ్య దూరి అవి ఒకదాని మీద ఒకటి జారేలా చేస్తుంది.

ఇంట్లో తయారుచేసే రెసిపీల్లో మామూలు కార్న్‌ఫ్లోర్‌ను చల్లటి నీళ్లలో కలిపేసి లేస్ రాలేదని బాధపడేవాళ్లున్నారు. పచ్చి మొక్కజొన్న స్టార్చ్ గింజలు సుమారు 62 నుంచి 72 డిగ్రీల సెల్సియస్ మధ్య, తగినంత నీటిలో ఉన్నప్పుడే ఉబ్బి జిగురుగా మారతాయి. ఓవెన్‌లో ఆ వేడి వచ్చేసరికి పలచటి పూతలోని నీరు చాలావరకు ఆవిరైపోయి ఉంటుంది. అందుకే రెడీమేడ్ పౌడర్లలో ముందే ఉడికించి ఆరబెట్టిన స్టార్చ్ గానీ, చల్లటి నీళ్లలోనే చిక్కబడేలా మార్చిన స్టార్చ్ గానీ వాడతారు. ఇంట్లో చేసేవాళ్లు కార్న్‌ఫ్లోర్‌ను ముందే నీళ్లలో ఉడికించి జావలా చేసుకుని, ఆ తర్వాత మిగతావి కలుపుకోవడం మేలు.

జెలటిన్ వాడితే ఇంకో చిక్కు ఉంది. అది దాదాపు 35 డిగ్రీల దగ్గరే కరిగిపోతుంది. కాబట్టి ఓవెన్‌లో పెట్టగానే పూత మళ్లీ పలచబడి, మ్యాట్ కాస్త ఏటవాలుగా ఉన్నా ఒక పక్కకు జారుతుంది. జెలటిన్ లేస్‌ను గది వేడిలో ఆరబెట్టడమే నాకు సబబుగా కనిపిస్తుంది. అది జంతువుల నుంచి వచ్చేదని తినేవాళ్లకు ముందే చెప్పడం కూడా మర్యాద. గుడ్డు వాడే రెసిపీ అయితే పచ్చి తెల్లసొన వద్దు, పాశ్చరైజ్ చేసిన పౌడర్ తీసుకోండి. గది వేడిలో గంటల తరబడి ఆరే పదార్థంలో పచ్చి గుడ్డు ఉండటం జబ్బు చేసే సాల్మొనెల్లా బ్యాక్టీరియాకు అవకాశం ఇచ్చినట్టే.

మిశ్రమాన్ని బాగా గిలకొట్టి వెంటనే పూస్తే రెండు ఇబ్బందులు వస్తాయి. సీఎంసీ నీటిని పూర్తిగా పీల్చుకోవడానికి సమయం పడుతుంది. అప్పటిదాకా మిశ్రమంలో కొన్ని చోట్ల చిక్కగా, కొన్ని చోట్ల పలచగా ఉంటుంది. గిలకొట్టినప్పుడు చేరిన గాలి బుడగలు కూడా పైకి రావాలి. సన్నటి తీగ మధ్యలో బుడగ ఉందంటే ఊడదీసేటప్పుడు అది సరిగ్గా అక్కడే తెగుతుంది. మూతపెట్టి కొన్ని గంటలు, వీలైతే ఒక రాత్రి ఫ్రిజ్‌లో ఉంచి, వాడే ముందు గది వేడికి తెచ్చుకుంటే ఈ రెండూ చాలావరకు తీరిపోతాయి.

పూసేటప్పుడు స్క్రేపర్‌ను ఒకే దిక్కుకు లాగితే గాడి ఒక అంచు కింద గాలి చిక్కుకుంటుంది. అడ్డంగా, నిలువుగా, ఏటవాలుగా లాగాలి. ఆఖరిసారి స్క్రేపర్‌ను కాస్త నిలబెట్టి గట్టిగా నొక్కి లాగితే గాడుల పైన ఉన్న అదనపు మిశ్రమం పోతుంది. ఈ చివరి లాగుడులో బద్ధకిస్తే డిజైన్ రంధ్రాల్లో పలచటి పొర మిగిలిపోతుంది. ఆరాక లేస్‌కు బదులు బొమ్మ అచ్చు ఉన్న షీట్ వస్తుంది.

ఆరడం ఎలా జరుగుతుంది

సిలికాన్ మ్యాట్ నీటిని పీల్చదు. కాబట్టి మిశ్రమంలోని నీరంతా పైవైపు నుంచే బయటికి పోవాలి. ముందు పైపొరలోని నీరు తేలిగ్గా ఆవిరవుతుంది. తర్వాత అడుగున ఉన్న నీరు మెల్లగా పైకి ప్రాకాలి. పైపొర మరీ త్వరగా ఎండిపోతే, మరిగిన పాల మీద మీగడ కట్టినట్టు, పైన బిగుతైన తొడుగు ఏర్పడి అడుగున నీరు చిక్కుకుపోతుంది. వేలితో తాకితే పొడిగా ఉంటుంది, ఊడదీస్తే అడుగున జిగటగా పట్టుకుంటుంది. ఓవెన్ వేడి ఎక్కువ పెట్టి తొందరగా పని ముగిద్దామనుకునేవాళ్లకు ఎదురయ్యేది ఇదే.

నీరు లోపలి నుంచి పైకి రావడానికి పట్టే సమయం పూత మందానికి నేరుగా కాకుండా, మందం వర్గానికి తగ్గట్టు పెరుగుతుంది. మందం రెట్టింపైతే సమయం నాలుగు రెట్ల దాకా పోవచ్చు. డిజైన్‌లోని పూల మధ్యభాగం ఇంకా తడిగా ఉండగానే సన్నటి అంచు తీగలు పెళుసెక్కిపోవడానికి కారణం అదే. లోతు తేడాలు ఎక్కువున్న మ్యాట్ చూడ్డానికి ఎంత బాగున్నా మొదటిసారి చేసేవాళ్లకు కష్టం. అంతటా దాదాపు ఒకే లోతున్న మ్యాట్‌తో మొదలుపెట్టండి.

ఇక పరిమాణం సంగతి. పౌడర్, నీళ్లు సమాన బరువుల్లో కలిపిన మిశ్రమం ఆరేసరికి దాని ఘనపరిమాణం సగానికి పైగా తగ్గిపోతుంది. అంచుల దాకా నింపిన గాడి ఆరాక సగం ఖాళీగా కనిపించడం సహజం. లేస్ మరీ పలచగా వచ్చిందనిపిస్తే మిశ్రమాన్ని చిక్కగా కలపడం కంటే, మొదటి పూత పైన తేమ ఆరిన తర్వాత రెండో పూత వేయడం మంచిది. రెండు పలచటి పూతలు ఒక మందపాటి పూత కంటే త్వరగా, సమానంగా ఆరతాయి.

ఇప్పుడు గాలి గురించి. ఇదే ఈ మొత్తం వ్యవహారంలో ఎక్కువమంది పట్టించుకోని విషయం. ఒక ఘనపు మీటరు గాలి 20 డిగ్రీల దగ్గర సుమారు 17 గ్రాముల నీటి ఆవిరిని మోయగలదు. 30 డిగ్రీల దగ్గర సుమారు 30 గ్రాములు, 80 డిగ్రీల దగ్గరైతే 290 గ్రాములకు పైనే. గది 30 డిగ్రీల్లో ఉండి, గాలిలో తేమ 80 శాతం ఉందనుకోండి. ఆ గాలికి ఇంకా మోసే ఓపిక కొంచెమే మిగిలింది. లేస్‌లోని నీరు బయటికి రావడానికి అక్కడ చోటు చాలా తక్కువ. అదే గాలిని 80 డిగ్రీలకు వేడి చేస్తే సాపేక్ష తేమ దాదాపు 7 శాతానికి పడిపోతుంది. ఓవెన్ చేసే గొప్ప సాయం ఇదే: నీటిని మరిగించడం కంటే, అది తన దగ్గరున్న గాలిని దాహంగా మార్చేస్తుంది. వానకాలమైనా ఎండాకాలమైనా ఓవెన్‌లో ఆరే సమయం పెద్దగా మారకపోవడానికి, గదిలో ఆరే సమయం మాత్రం గంటల నుంచి రోజుల దాకా మారిపోవడానికి కారణం ఇక్కడే ఉంది.

గదిలో ఫ్యాన్ పెడితే? లేస్ పైన తడితో బరువెక్కిన గాలి పొరను ఫ్యాన్ తోసేసి కొత్త గాలిని తెస్తుంది, ఆరడం వేగవంతమవుతుంది. అయితే చివరికి లేస్ చేరుకునే చోటు మారదు. ఏ పదార్థమైనా చుట్టూ ఉన్న గాలి తేమతో ఒక ఒప్పందానికి వచ్చి ఆగుతుంది. 80 శాతం తేమ ఉన్న గదిలో, గ్లిజరిన్ ఉన్న లేస్ ఎన్ని గంటలు ఫ్యాన్ కింద పెట్టినా జిగటగానే ఉండిపోవచ్చు. ఫ్యాన్ ఆ జిగట దగ్గరికే త్వరగా తీసుకెళ్తుంది. ఏసీ సంగతి వేరు, అది గాలిలోని నీటిని నిజంగానే తీసేస్తుంది. నీళ్లు చల్లి చల్లబరిచే కూలర్ మాత్రం పూర్తిగా పగవాడి పని చేస్తుంది. ఈ పని తరచూ చేసేవాళ్లకు నేను గట్టిగా చెప్పేది, గాలిలో తేమను కొలిచే ఒక చిన్న హైగ్రోమీటర్ గోడకు తగిలించుకోండి. తేమ 50 శాతం దగ్గర ఉన్న రోజు రాత్రంతా గదిలో ఆరబెట్టండి, 70 దాటిన రోజు ఓవెన్ వైపు వెళ్లండి. ఏ రెసిపీ కంటే ఎక్కువ టెన్షన్ తగ్గించేది ఆ ముల్లే.

ఓవెన్‌లో 70 నుంచి 80 డిగ్రీలు చాలు. పలచటి పూతకు సాధారణంగా 8 నుంచి 15 నిమిషాల్లో పని అవుతుంది, మందం ఉంటే ఇంకొంచెం. 100 డిగ్రీలు దాటితే పొరలోని నీరు మరిగి బుడగలు కడుతుంది, గ్లూకోజ్, తెల్లసొన ఉన్న మిశ్రమం పసుపెక్కడం మొదలవుతుంది. ఇంటి ఓవెన్లు తక్కువ వేడి దగ్గర నమ్మదగినవి కావు. ముల్లు 80 దగ్గర పెట్టినా లోపల వేడి ఆ పైకీ కిందికీ ఊగుతూ ఉంటుంది. విడిగా దొరికే ఓవెన్ థర్మామీటర్ లోపల పెట్టుకుంటే నిజం తెలుస్తుంది.

తలుపు గురించి కూడా ఒక లెక్క ఉంది. ఒక పెద్ద మ్యాట్‌కు 30 గ్రాముల మిశ్రమం పట్టిందనుకుంటే అందులో సగం, అంటే 15 గ్రాములు నీరే. 50 లీటర్ల ఓవెన్‌లోని గాలి 80 డిగ్రీల దగ్గర మొత్తం మీద మోయగలిగేది సుమారు 14 గ్రాములు. ఓవెన్లకు ఎక్కడో ఒక గాలి దారి ఉంటుంది కాబట్టి పూర్తిగా ఆగిపోదు కానీ, రెండు మూడు మ్యాట్లు ఒకేసారి పెట్టి తలుపు బిగించేస్తే లోపల ఆవిరి గది తయారవుతుంది. ఫ్యాన్ మోడ్ ఉంటే వేయండి, తలుపును చెక్క చెంచా మందం మేర తెరిచి ఉంచండి, లేదా మధ్యలో రెండు మూడుసార్లు తెరిచి ఆవిరిని వదిలేయండి. తలుపు తెరిచి ఉంచడానికి మీ ఓవెన్ తయారీదారు ఒప్పుకుంటారో లేదో ముందు చూసుకోండి. సిలికాన్ వేడిని మెల్లగా మోస్తుంది, అందువల్ల దళసరి ట్రే కంటే జాలీ మీద మ్యాట్ పెడితే కిందివైపుకూ వేడి గాలి అందుతుంది. ఆహారాన్ని ఆరబెట్టే యంత్రం, డీహైడ్రేటర్ ఉన్నవాళ్లకు ఈ బాధలేవీ లేవు. గాలి కదలిక, తక్కువ వేడి, బయటికి దారి, మూడూ అందులోనే ఉంటాయి.

ఎక్కడ ఆపాలి

లేస్ పూర్తిగా ఎండిపోకూడదు. నీరు కూడా గ్లిజరిన్ లాగే పొరను వంగేలా ఉంచుతుంది. స్ఫటికం కట్టకుండా గట్టిపడిన పంచదార ఒక రకమైన గాజు. తేమ ఏమాత్రం లేకపోతే అది 60, 70 డిగ్రీల వేడి దాకా గాజులాగే పెళుసుగా ఉంటుంది. కొద్దిగా నీరు చేరితే ఆ హద్దు గది వేడి కంటే కిందికి దిగిపోయి, పదార్థం రబ్బరులా వంగుతుంది. ఇంకొంచెం నీరు చేరితే జిగురు. మూడు స్థితుల మధ్య తేడా చాలా కొద్ది శాతం నీరే. అందుకే రెండు నిమిషాలు అటూ ఇటూ అయితే ఫలితం మారిపోతుంది.

ఇదే కారణంగా ఓవెన్ నుంచి తీసిన వెంటనే తాకి తీర్పు ఇవ్వకూడదు. వేడి మీద ఉన్న లేస్ ఎప్పుడూ నిజంగా ఉన్నదానికంటే మెత్తగా, జిగటగా అనిపిస్తుంది. రెండు మూడు నిమిషాలు చల్లారనిచ్చి, మందంగా ఉన్న చోట వేలి వెనక భాగంతో తాకండి. అంటుకోకపోతే ఒక మూల మెల్లగా ఎత్తి చూడండి. గాడి నుంచి శుభ్రంగా వచ్చి, కాస్త వంగి, వదిలేస్తే తిరిగి నిలబడితే సరిపోయింది. సాగుతూ వస్తే మళ్లీ ఓవెన్‌లో రెండు మూడు నిమిషాలు పెట్టాలి. అంచులు తమంతట తామే పైకి లేచి చుట్టుకుంటుంటే హద్దు దాటింది. దానికీ మందుంది: ఊడదీయకుండా మ్యాట్‌తో సహా గదిలో కొంతసేపు వదిలేయండి, గాలిలో తేమను అదే పీల్చుకుంటుంది. గది మరీ పొడిగా ఉంటే మరిగే నీటి ఆవిరికి కాస్త దూరంగా కొన్ని క్షణాలు చూపించండి.

ఊడదీసేటప్పుడు లేస్‌ను పట్టుకుని లాగవద్దు. మ్యాట్‌ను బల్ల మీద బోర్లించి, స్క్రేపర్ అంచుతో లేస్‌ను బల్లకు నొక్కిపెట్టి, మ్యాట్‌నే వెనక్కి మడుస్తూ తీయండి. బలం అంతా సిలికాన్ మీద పడుతుంది. లేస్ కదలకుండా ఉంటుంది.

రంగు విషయంలో రెండు మాటలు. నీరు పోయేకొద్దీ ఈ పొర సహజంగా పారదర్శకంగా మారుతుంది. తెల్లటి లేస్‌కు ఆ తెలుపు ఇచ్చే పదార్థం విడిగా కావాలి. చాలాకాలం అది టైటానియం డయాక్సైడ్, ఈ171. యూరోపియన్ యూనియన్ 2022లో దాన్ని ఆహారంలో నిషేధించింది. అక్కడి తయారీదారులు బియ్యం స్టార్చ్, కాల్షియం కార్బొనేట్ వంటివాటి వైపు మళ్లారు. ఈ171 లేని మిశ్రమం కొంచెం తక్కువ తెల్లగా కనిపిస్తే అది పాడైందని అనుకోవద్దు. జెల్ రంగుల్లో గ్లిజరిన్ లాంటివి ఉంటాయి, ఎక్కువ వేస్తే లేస్ ఆరకుండా మొరాయిస్తుంది. ముదురు రంగు కావాలంటే పొడి రంగు మేలు. మెరుపు పొడులతో మాత్రం జాగ్రత్త. డబ్బా మీద విషం కాదని రాసి ఉన్నంత మాత్రాన అది తినదగినదని అర్థం కాదు. కేకుల మీద చల్లిన ఇలాంటి పొడుల్లోని రాగి, సీసం వల్ల పిల్లలకు హాని జరిగిన ఘటనలను అమెరికా ఆరోగ్య సంస్థ సీడీసీ 2021లో నివేదించింది. తినదగినదని స్పష్టంగా రాసి, పదార్థాల జాబితా ఇచ్చిన పొడినే వాడండి.

దాచడం, కేక్ మీద పెట్టడం

ఊడదీసిన తర్వాత కూడా లేస్ గాలితో తేమ లావాదేవీ ఆపదు. బయట వదిలేస్తే పొడి రోజున పెళుసెక్కుతుంది, తడి రోజున మెత్తబడుతుంది. బేకింగ్ పేపర్ మధ్య పరిచి, గాలి తీసేసిన జిప్ కవర్‌లో పెట్టి, వెలుతురు తగలని చోట ఉంచాలి. సిలికా జెల్ పొట్లాలు వేయడం మంచిదనిపిస్తుంది కానీ అవి అవసరానికి మించి నీరు లాగేసి లేస్‌ను విరిగేలా చేస్తాయి. ఫ్రిజ్ కూడా వద్దు.

కేక్ మీద పెట్టేటప్పుడు కింద ఏముందన్నదే ముఖ్యం. ఫాండెంట్ (కేక్‌ను కప్పే మెత్తటి పంచదార ముద్ద) మీద చాలా కొద్ది నీటితో, బ్రష్‌ను దాదాపు పిండేసి, లేస్ వెనకవైపు తుడిస్తే చాలు. నీరు ఎక్కువైతే సన్నటి తీగలు కరిగి ఫాండెంట్ మీద మెరిసే మరకలు మిగులుతాయి. టైలోజ్‌ను నీళ్లలో కరిగించిన జిగురు ఇంకా నమ్మకమైనది, ఎందుకంటే అందులోని నీరు స్వేచ్ఛగా పారదు. బటర్‌క్రీమ్‌లో నీరు కొవ్వు మధ్య చిక్కుకుని ఉంటుంది కనుక లేస్ చాలాసేపు నిలబడుతుంది. జిగురు అక్కర్లేదు, ఉపరితలం మెత్తగా ఉండగానే నొక్కితే పట్టుకుంటుంది. విప్డ్ క్రీమ్ మీద మాత్రం పెట్టొద్దనే చెబుతాను. అందులో సగానికి పైగా నీరే, అదీ లేస్‌కు నేరుగా తగిలే నీరు. తప్పదనుకుంటే వడ్డించే ముందు పెట్టండి, లేదా లేస్ వెనకవైపు కరిగించిన కోకో బటర్‌ను పలచగా పూసి ఆరనిచ్చి అప్పుడు పెట్టండి. నీటికి కొవ్వు కొంతసేపు అడ్డం నిలుస్తుంది.

అన్నీ కుదిరిన లేస్ కూడా ఫ్రిజ్‌లోంచి కేక్ బయటికి వచ్చిన అరగంటలో పాడవుతుంటుంది. గది 28 డిగ్రీల్లో, తేమ 70 శాతంలో ఉంటే 22 డిగ్రీల కంటే చల్లగా ఉన్న ఏ వస్తువు మీదైనా నీరు చేరుతుంది. ఫ్రిజ్‌లోంచి వచ్చిన కేక్ 5 డిగ్రీల దగ్గర ఉంటుంది. దాన్ని గాలి చొరబడని డబ్బాలో పెట్టి ఫ్రిజ్‌లో ఉంచి, బయటికి తీశాక కూడా డబ్బా తెరవకుండా గది వేడికి వచ్చేదాకా ఆగితే, ఆ నీరు కేక్‌కు బదులు డబ్బా బయటి గోడల మీద చేరుతుంది. పెద్ద కేక్‌కు దీనికి రెండు మూడు గంటలు పట్టవచ్చు. అంత సమయం లేదని ముందే తెలిస్తే కేక్‌ను లేస్ లేకుండా చల్లబరిచి, బయటికి తీశాక పైన చేరిన నీరు ఆరేదాకా చూసి, అప్పుడే లేస్ అతికించండి.